పెరుగన్నం కుక్కతో మారేడుమిల్లి

మా తోడల్లుడుగారు ఒకసారి మారేడుమిల్లి కొండల్లో చిరుతపులి తోక చూశారు. మిగతా పులిని చూడలేదు. బస్సు కిటికీలోంచి చూస్తుంటే, వెదురు పొదల్లోకి దూరిపోతూ తోక ఒక్కటే కనబడిందట. మొదటిసారి చెప్పినప్పుడు ఆ తోక మూరెడు. ఆ తరవాత ఏ పెళ్ళిలో కలిసినా, ఏ బారసాలలో కలిసినా కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చి, మొన్నామధ్య మా బంధువుల గృహప్రవేశం నాటికి బారెడు దాటింది.

ఆయన ఉండేది రాజమండ్రిలో. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. రిటైరైన వారంలోనే ఒక బైనాక్యులర్సు, ఒంటినిండా జేబులున్న ఆకుపచ్చ చొక్కా, అడవి జంతువుల బొమ్మల పుస్తకం కొనుక్కున్నారు. నాకు పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్టు. ఈ యాభై రెండేళ్ళలో నేను దగ్గరగా చూసిన అడవి జంతువు, అడవి జంతువు అనొచ్చో లేదో గాని, మా గోడౌన్లో పందికొక్కు. అందుకని ఆయనకి నేనంటే ఒకరకమైన జాలి.

డిసెంబరులో ఓ రోజు ఫోన్ చేశారు.

"తమ్ముడూ, ఆదివారం మారేడుమిల్లి వెళ్తున్నాం. చలికాలం, జంతువులు ఎండ కోసం రోడ్డు మీదకొస్తాయి. మీ వదినకి మోకాళ్ళు. అది రాదు. నువ్వూ మరదలూ వచ్చెయ్యండి. కారు నీది, అడవి నాది."

సరేనన్నాను. పక్కనుంచి విన్న మా అత్తయ్యగారు, "నేనూ వస్తాను అల్లుడుగారూ" అన్నారు. ఆవిడ పదేళ్ళుగా మా దగ్గరే ఉంటున్నారు. డెబ్భై ఆరేళ్ళు. కొండలంటే ఆవిడకి ప్రత్యేకమైన ఇష్టమేం లేదు గాని, పెద్దల్లుడు ఎక్కడికైనా తీసుకెళ్తానంటే తనని వదిలేసి వెళ్ళడం ఇష్టం లేదు. ఆవిడ వస్తానంటే మా కుక్క కూడా వస్తున్నట్టే. ఎందుకంటే ఆవిడ చేత్తో కలిపి పెడితే తప్ప అది అన్నం ముట్టదు.

మా కుక్కకి పేరు లేదు. అత్తయ్యగారు "నాన్నా" అంటారు, మా ఆవిడ "బంగారం" అంటుంది, నేను "ఏయ్" అంటాను. మూడింటికీ పలుకుతుంది. తెల్లటి ఒంటి మీద నల్ల మచ్చలు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి ఉంటుంది. మూడేళ్ళ క్రితం ముసురు పట్టిన రోజున పిల్లగా మా కొట్లోకి వచ్చి, ముందు వరసలో పెట్టిన ఇత్తడి గంగాళంలో పడుకుంది. ఎవరో ఆవిడ గంగాళం బేరమాడి, లోపల ఎలా ఉందో చూద్దామని వంగి, కెవ్వుమని వెళ్ళిపోయారు. గంగాళం అమ్ముడుపోలేదు. కుక్క మాత్రం ఉండిపోయింది.

మా ఇంట్లో నీచు వండరు, కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు. కాబట్టి కుక్క కూడా అలాగే పెరిగింది. పొద్దున్న అర పెసరట్టు, మధ్యాహ్నం నెయ్యేసిన పప్పన్నం, సాయంత్రం పెరుగన్నం. ఏకాదశి నాడు అత్తయ్యగారికి ఉపవాసం గనక దానికీ పాలూ అరటిపండే. అది కిక్కురుమనకుండా తినేది. దాంతో ఆవిడకి ఓ నమ్మకం కుదిరిపోయింది. పోయిన జన్మలో ఇది ఎవరో మహాభక్తుడు, ఏదో చిన్న పొరపాటు జరిగి ఇలా పుట్టాడు అని.

"ఏం పొరపాటమ్మా?" అనడిగింది మా ఆవిడ ఓసారి.

"మనకెందుకే, వాళ్ళ సంగతులు" అన్నారు ఆవిడ.

ఆ నమ్మకానికి తగ్గట్టే అది ఎప్పుడూ మొరిగేది కాదు. నిజం, ఒక్కసారి కూడా. ఓ మధ్యాహ్నం పక్కింట్లో గ్యాసుబండ పోయింది. వాళ్ళ సీసీ కెమెరాలో చూస్తే బండ భుజానేసుకుని దొంగ ముందు నడుస్తున్నాడు, మా కుక్క తోకాడించుకుంటూ వెనకాలే వెళ్ళి, సందు చివరిదాకా సాగనంపి వచ్చింది. ఆ వీడియో మా వీధిలో అందరి ఫోన్లలోనూ ఉంది.

శనివారం సాయంత్రానికి రాజమండ్రి చేరి, ఆదివారం తెల్లవారుతుండగా బయల్దేరాం. మా తోడల్లుడుగారు ముందు సీట్లో నా పక్కన. వెనక అత్తయ్యగారు, మా ఆవిడ, మధ్యలో కుక్క. కారు గోకవరం దారి పట్టేలోపే ఆయన నియమాలు చెప్పేశారు.

"మాట్లాడకూడదు. హారన్ కొట్టకూడదు. సెంటు పూసుకోకూడదు. కొట్టొచ్చే రంగులు కట్టుకోకూడదు" అంటూ వెనక్కి తిరిగారు. అత్తయ్యగారు చిలకాకుపచ్చ చీర, దానికి కనకాంబరం రంగు అంచు. ఆయన రెండు క్షణాలు చూసి ముందుకి తిరిగిపోయారు. అత్తగారికి చీర మార్చుకోమని ఎవరు చెప్పగలరు?

"మన కుక్క మనకి పెద్ద సాయం" అన్నారు కాసేపటికి. "జంతువు వాసన అరమైలు నుంచే పసిగడుతుంది. ఇది చెవులు నిక్కించిన వైపు చూడాలి మనం."

"దానికి నిలబడేది ఒక చెవేనండి బావగారూ" అంది మా ఆవిడ.

"ఒకటైనా చాలమ్మా."

రంపచోడవరం దాటాక అడవి మొదలయ్యే చోట గేటుంది. అక్కడ ఖాకీ స్వెట్టరేసుకున్న గార్డు కారులోకి తొంగి చూసి, ప్లాస్టిక్ కవర్లు పారెయ్యొద్దని చెప్పబోయి, కుక్కని చూసి ఆగిపోయాడు.

"కుక్కనెందుకు తెచ్చారండీ?"

"వాసన పడుతుందని" అన్నారు మా తోడల్లుడుగారు.

"ఇది వాటి వాసన పట్టేలోపు అవి దీని వాసన పడతాయండి. చిరుతకి కుక్కంటే మహా ఇష్టం. మనకి జున్ను ఎలాగో దానికి కుక్క అలాగ. తలుపులు తియ్యకండి, కిందకి దింపితే తాడు వదలకండి."

అంతే. వెనక సీట్లో రెండు అద్దాలూ గిర్రున పైకి లేచాయి. అత్తయ్యగారు కొంగు తీసి కుక్క మీద కప్పేశారు. చిలకాకుపచ్చ కొంగులోంచి దాని మూతి ఒకటే బయటికి కనిపిస్తోంది. గార్డు నవ్వాపుకుంటూ గేటెత్తాడు.

ఘాటు రోడ్డు గురించి నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. ముప్ఫయ్యేళ్ళుగా కారు నడుపుతున్నాను గాని, మా వైపు ఎత్తంటే రైలు గేటు మీద కట్టిన వంతెనే. అది ఎక్కి దిగితే కొండెక్కినంత గొప్ప. కాలవగట్ల మీద మలుపులుంటాయి, కాని అవి బల్లపరుపు మలుపులు, ఎదర ఎవరొస్తున్నారో పర్లాంగు నుంచి తెలుస్తుంది. ఇక్కడ మలుపు తిరిగితే ఆకాశం, ఇంకో మలుపు తిరిగితే గోడలాంటి కొండ. రెండో మలుపులోనే కారు మూడో గేరులో మూలిగి ఆగిపోయింది. వెనక్కి జారుతుంటే నా గుండె కూడా దాంతోపాటే జారింది.

"మొదటి గేరు తమ్ముడూ, మొదటి గేరు!"

"అది బండి కదలడానికే కదండీ?"

"కొండకి కూడా అదే!"

మలుపు మలుపుకీ పసుపు బోర్డు, "హారన్ మోగించండి" అని. నేను చెయ్యి హారన్ మీద పెట్టేవాణ్ణి. ఆయన "ష్" అని చెయ్యి పట్టుకునేవారు. నాలుగు మలుపులు ఇలా అయ్యాక ఐదో దాంట్లో ఎదురుగా వెదురు లోడు లారీ, కొండ సగం కదిలి వచ్చినట్టు వచ్చింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "హారన్ లేదాండీ బండికి?" అనడిగాడు. చాలా మర్యాదగానే అడిగాడు. అదే ఇంకా సిగ్గేసింది. ఆ తరవాత నేను ప్రతి మలుపులోనూ మూడేసి సార్లు కొట్టాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఇంతలో వెనకనుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. కుక్కకి తల తిరిగింది. పొద్దున్న తిన్న ఇడ్లీ అంతా మా తోడల్లుడుగారి కొత్త టోపీలో పడింది. ఆ టోపీని ఆయన వెనక సీట్లో వెల్లకిలా పెట్టుకున్నారు.

"బోర్లా పెట్టుకోవాలి కదా నాయనా టోపీ" అన్నారు అత్తయ్యగారు. కారాపి, వాగు నీళ్ళతో టోపీ కడిగి, డిక్కీలో ఆరేశాం. కుక్క తలని ఆవిడ ఒళ్ళో పెట్టుకుని కణతలకి నిమ్మకాయ రాశారు. కుక్క కణతలు ఎక్కడుంటాయో నాకు ఆ రోజే తెలిసింది.

మళ్ళీ బయల్దేరాక అడవి నిజంగా బాగుంది. రోడ్డుకి రెండు పక్కలా చెట్లు పైన కలిసిపోయి ఉన్నాయి. మంచు ఇంకా పూర్తిగా వీడలేదు. ఎండ పడిన చోటల్లా ఆకుల మీంచి ఆవిరి లేస్తోంది. మా తోడల్లుడుగారు బైనాక్యులర్సు కళ్ళకి పెట్టుకుని ఒక్కసారిగా నా మోచెయ్యి గట్టిగా నొక్కారు.

"ఆపు. అడవిదున్న. ఎడం పక్క. కొమ్ములు చూడు!"

నేను చూశాను. కొమ్ములున్నాయి. మెడలో చెక్క గంట కూడా ఉంది. దాని వెనకాల గొడుగు పట్టుకుని ఓ ముసలాయన వస్తున్నాడు. మమ్మల్ని చూసి ఆగి, "గేది కొంటారాండీ?" అనడిగాడు.

ఇంకో రెండు మైళ్ళకి చిరుత కనబడింది. పావుగంట కదలకుండా చూశాం. అది కూడా కదల్లేదు. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడిన చెట్టు మొద్దు అది. ఎండ జరగ్గానే చుక్కలూ జరిగిపోయాయి.

ఆ పావుగంటలోనే వెనకనుంచి అత్తయ్యగారు, "అమ్మాయీ, ఆ కొమ్మ మీద ఉడత చూడవే. పిల్లి అంత ఉంది. తోక చూడు, కుంచెలా ఎంతుందో" అన్నారు.

"ఉడతల కోసం రాలేదండి అత్తయ్యగారూ మనం" అన్నారు ఆయన, మొద్దు మీంచి చూపు తిప్పకుండా.

మేం రెండు కిలోమీటర్లు పోయాక, ఆయనకి ఏం తోచిందో బొమ్మల పుస్తకం తిరగేసి, వెనక్కి తిరిగి ఒక పేజీ చూపించారు. "ఇలా ఉందాండీ?"

"ఆఁ, ఇదే. ఒళ్ళు ముదురు ఎరుపు, పొట్ట గోధుమ రంగు."

ఆయన మొహంలో రంగు పోయింది. "బెట్టుడుత అంటారండి దాన్ని. దీని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి మూడేసి రోజులు కాచుకుంటారు."

కారు వెనక్కి తిప్పించారు. ఘాటు రోడ్డు మీద కారు వెనక్కి తిప్పడం గురించి నేనిక్కడ చెప్పను, ఇప్పటికీ తలుచుకుంటే అరచేతులు చెమటలు పడతాయి. వెళ్ళేసరికి కొమ్మ ఉంది గాని ఉడత లేదు.

"ఇందాక ఇక్కడే కూర్చుని ఏదో కొరుక్కుంటోంది పాపం" అన్నారు అత్తయ్యగారు. ఆ "పాపం" ఉడతకో, అల్లుడికో తెలియలేదు.

మారేడుమిల్లి దాటి కొంత దూరం వెళ్ళాక ఒక వాగు దగ్గర భోజనాలకి ఆగాం. రోడ్డు మీద నాలుగైదు పాకలున్నాయి. వాటి ముందు నిప్పుల మీద వెదురుబొంగులు పేర్చి బొంగులో చికెన్ కాలుస్తున్నారు. ఆ వాసన మాకు పడదని దూరంగా, కిందకి దిగి, వాగు ఒడ్డున బండల మీద కూర్చున్నాం. పులిహోర, దద్దోజనం, మినపగారెలు తెచ్చుకున్నాం. కుక్కకి విడిగా పెరుగన్నం క్యారేజీ. తాడు చివర మా ఆవిడ మోచేతికి చుట్టుకుంది.

అత్తయ్యగారు కుక్కకి కలుపుతుండగా చెట్ల మీంచి కోతులు దిగాయి. ఎన్ని దిగాయో తెలియదు, ఎటు చూసినా అవే. ఒకటి గారెల డబ్బా తీసుకుంది, ఒకటి మూత తీసుకుంది. పెద్దదొకటి పులిహోర బేసిన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని తినడం మొదలెట్టింది. మా ఆవిడ దాన్ని తరమడానికి రెండు చేతులూ ఎత్తింది. చేతులతోపాటు తాడూ లేచింది. కోతులు పోయి, గొడవంతా సద్దుమణిగాక చూసుకుంటే తాడుంది, తాడు చివర మెడపట్టీ ఉంది, అందులో కుక్క లేదు.

"నాన్నా!" అన్నారు అత్తయ్యగారు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. మొరగని కుక్క తప్పిపోతే వచ్చే కష్టం అప్పుడు తెలిసింది. ఎటు పోయిందో అది నోటితో చెప్పదు కదా.

గార్డు చెప్పిన జున్ను మాట అందరికీ ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. ఎవరూ పైకి అనలేదు. అత్తయ్యగారు బండ మీద కూర్చుని కళ్ళు మూసుకుని, "పెనుగొండ అమ్మవారికి చీర పెడతాను, వాణ్ణి తెచ్చి ఇచ్చెయ్" అని పైకే మొక్కేశారు. కళ్ళు తెరిచి, "పట్టుచీర" అని సవరించారు.

మా ఆవిడ రోడ్డు వైపు వెతకడానికి వెళ్ళింది. నేనూ, మా తోడల్లుడుగారూ వాగు వెంబడి పైకి వెళ్ళాం. నాలుగు అంగలు వేశామో లేదో, వెదురు గుబురులోంచి ఒక చప్పుడు వినబడింది. గుర్రుమని, గొంతులో రాళ్ళు దొర్లుతున్నట్టు. ఆగింది. మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకా లోతుగా.

మా తోడల్లుడుగారు నా భుజం పట్టుకున్నారు. "చిరుత" అన్నారు పెదాలతో. "తింటోంది."

ఏం తింటోందో అడగలేదు నేను.

"కదలకు. కళ్ళలోకి చూడకు. వీపు చూపించకు. మెల్లగా వెనక్కి నడు" అని చెప్పి, ఆయన చెప్పినట్టే తు.చ. తప్పకుండా వెనక్కి నడిచారు. వెనకాల వాగు ఉంది. నడుం లోతు నీళ్ళలో కూర్చున్నారు. కూర్చున్నాక కూడా బైనాక్యులర్సు మాత్రం పైకెత్తి పట్టుకున్నారు.

నా చేతిలో పులిహోర బేసిన్ మూత, అట్లకాడ ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నానో నాకే తెలియదు. ఆ మూత నా కొట్టు సరుకే. ఎంత పల్చటి రేకో నాకు బాగా తెలుసు. చిరుత పంజా ముందు అప్పడంతో సమానం. అయినా వాయించాను. గుర్రు ఇంకా పెరిగింది.

అప్పుడు నా పక్కనుంచి చిలకాకుపచ్చ చీర ఒకటి ముందుకి పోయింది. "పులైతే ఏంటి? నా బిడ్డని తిని అరిగించుకుంటుందేంటి?" అంటూ అత్తయ్యగారు ఒక ఎండుకట్టె పట్టుకుని గుబురు మీదకి వెళ్తున్నారు. నేను మూత పారేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. డెబ్భై ఆరేళ్ళ మనిషికి అంత బలం ఎక్కడుంటుందో, నన్ను రెండడుగులు లాక్కుపోయారు.

సరిగ్గా అప్పుడే పైనుంచి పాకలో మనిషి ఒకామె గబగబా దిగివచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, నడుముకి కొంగు బిగించి, చేతిలో కత్తి. మా వాలకం చూసి ఒక్క క్షణం ఆగింది. నీళ్ళలో ఒకాయన, కట్టె పట్టుకున్న పెద్దావిడ, ఆవిడని పట్టుకున్న నేను.

"మచ్చల కుక్క మీదేనాండీ? బొంగెత్తుకొచ్చేసింది."

"పులి..." అన్నారు వాగులోంచి మా తోడల్లుడుగారు.

ఆమె ఏ భయమూ లేకుండా గుబురులోకి చెయ్యిపెట్టి వెదుర్లు పక్కకి తోసింది. లోపల మా కుక్క. ముందు కాళ్ళ మధ్య పగిలిన వెదురుబొంగు, మూతినిండా మసాలా, రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉన్నాయి. వాలిపోయే చెవి కూడా నిలబడే ఉంది. పళ్ళన్నీ బయటపెట్టి మమ్మల్ని చూసి గుర్రుమంది. మూడేళ్ళలో దాని గొంతు వినడం అదే మొదటిసారి. మా కుక్క గొంతే మేం గుర్తుపట్టలేకపోయాం.

"నాన్నా" అంటూ అత్తయ్యగారు చెయ్యి చాపారు. అది ఆవిడని చూసి కూడా గుర్రుమంది.

ఆవిడ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. మూడేళ్ళ పెరుగన్నం, మూడేళ్ళ ఏకాదశులు. మా ఆవిడ కూడా రోడ్డు మీంచి పరిగెత్తుకొచ్చి, చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. అది ఏడుపు ఆపుకోడానికో, నవ్వాపుకోడానికో నాకు అర్థం కాలేదు.

అత్తయ్యగారు కట్టె పక్కన పెట్టి బండ మీద కూర్చున్నారు. కాసేపు కుక్క వైపే చూశారు. తరవాత ఆ పాక ఆమెని అడిగారు.

"కారం ఎక్కువేశావామ్మా?"

"లేదండీ, మామూలే."

"దానికి కారం పడదు." ఇంకాసేపు ఆగి, "ఎముకలుంటాయి కదా అందులో? గొంతుకడ్డం పడతాయేమో. అల్లుడుగారూ, కొంచెం తీసిపెట్టండి" అన్నారు.

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ చెట్ల వైపు చూసింది. మా వంశంలో ఎవరూ చెయ్యని పని అది. ఎలా మొదలెట్టాలో కూడా తెలియదు. నా అవస్థ చూసి పాక ఆమె నవ్వేసింది. "నేను తీస్తాలెండి" అని, కుక్కని ఏదో తమ భాషలో ఒక్క కసురు కసిరి, బొంగు లాక్కుని, కత్తితో నిలువునా చీల్చి, ఎముకలు తీసి ముక్కలు అడ్డాకులో పెట్టింది. మా మీద గుర్రుమన్న కుక్క ఆమె ముందు బుద్ధిగా కూర్చుని తోకాడించింది.

అత్తయ్యగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నారు. మొహం తిప్పుకోలేదు. ఆకు ఖాళీ అయ్యాక, "ఇంకొంచెం పెట్టమ్మా. పొద్దున్న తిన్నదంతా కక్కేసుకున్నాడు, కడుపు ఖాళీగా ఉంటుంది" అన్నారు.

అలా నేను జీవితంలో మొదటిసారి బొంగులో చికెన్ కొన్నాను. రెండు బొంగులు. రెండోది కాలేదాకా, చలికి వణుకుతున్న మా తోడల్లుడుగారితోపాటు నిప్పుల దగ్గర కూర్చున్నాను. ఆయన ప్యాంటు పాక మీద ఆరేసి, కారులో ఉన్న నా లుంగీ కట్టుకున్నారు. పాక ఆమె మా ఇద్దరికీ అల్లం టీ ఇచ్చింది. "చిరుత ఉన్న మాట నిజమేనాండీ ఇక్కడ?" అని ఆయన ఆమెనడిగారు. "ఉంటాయండి. మేం అరిస్తే పోతాయి" అంది ఆమె, బొంగు తిప్పుతూ.

తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ నియమాలు చెప్పలేదు. మా తోడల్లుడుగారు లుంగీలో ముడుచుకుని మొదటి మలుపులోనే గురకపెట్టారు. బైనాక్యులర్సు ఆయన గుండెల మీద పైకీ కిందకీ ఊగుతోంది. కుక్క అత్తయ్యగారి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, ఏమీ జరగనట్టే. ఆవిడ తడి రుమాలుతో దాని మూతి తుడుస్తున్నారు.

ఎండ పచ్చబడుతున్న వేళ ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు మీద నల్లగా ఏదో కదిలింది. నేను కారాపాను. ముందు ఒకటి, తరవాత ఇంకొకటి. అబ్బ, ఏమి ఆకారాలు! నూనె రాసినట్టు నల్లగా మెరిసే ఒళ్ళు, మా కొట్టు షట్టరంత ఎత్తు మూపులు, మోకాళ్ళదాకా తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు కాళ్ళు. మెడలో గంట లేదు, వెనకాల గొడుగు లేదు. మూడోదాని పొట్ట కింద గోధుమ రంగు దూడ. అది రోడ్డు మధ్యలో ఆగి మా కారుని చూసింది. తల్లి కూడా ఆగింది. దాని ఊపిరి ఆవిరిగా కనబడుతోంది, అంత దగ్గర.

కుక్క తలెత్తింది. నేను గుండె చిక్కబట్టుకున్నాను. అది చూసింది, ఒకసారి ముక్కు ఎగబీల్చింది, మళ్ళీ ఒళ్ళో తల పెట్టేసుకుంది.

"బావగారిని లేపండి" అని గుసగుసగా అంది మా ఆవిడ.

అత్తయ్యగారు తల అడ్డంగా ఊపారు. "లేస్తే అరుస్తారు. దూడ బెదురుతుంది."

లేపలేదు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. దూడ దాటింది, తల్లి దాటింది, పొదలు కదిలి మళ్ళీ మామూలైపోయాయి. నేను కారు మొదటి గేరులో వేశాను.

గోకవరం దగ్గర ఆయన మేలుకున్నారు. కళ్ళు నులుముకుంటూ, "ఏమైనా కనబడ్డాయా?" అనడిగారు. నేను అద్దంలో వెనక్కి చూశాను.

"ఏవో గేదెలు నాయనా" అన్నారు అత్తయ్యగారు.

ఆ తరవాతి వారం మా ఊరి పెళ్ళిలో ఆయన చెబుతుంటే విన్నాను, పదడుగుల దూరంలో చిరుత గుర్రుమంటే తను కళ్ళలో కళ్ళు పెట్టి చూశానని. వినేవాళ్ళు నా వైపు తిరిగితే అవునన్నాను. అడవిదున్నల సంగతి దాచినందుకు ఆ మాత్రం సాక్ష్యం ఆయనకి బాకీ ఉన్నానని నా లెక్క.

ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది. కుక్క పెరుగన్నం ముందు కూర్చుని గిన్నె వైపు, మా వైపు చూస్తుంది గాని ముట్టదు. నెయ్యి ఎక్కువేశారు, బెల్లం ముక్క పెట్టారు. ఒకరోజు, రెండు రోజులు. మూడో రోజు అత్తయ్యగారు కూడా సరిగ్గా తినలేదు. పెనుగొండ వెళ్ళి మొక్కు చీర పెట్టి వచ్చినా ప్రయోజనం లేదు. ఆ సాయంత్రం నేను కొట్టు నుంచి రాగానే, మా ఆవిడ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, దగ్గరికి వచ్చారు.

"అల్లుడుగారూ, సెంటర్లో మందుల షాపులో కుక్క బిస్కెట్లని ఏవో అమ్ముతారట కదా?"

"ఉంటాయండి."

"అందులో ఏమేస్తారో మనం అడగఖ్ఖర్లేదు కదా?"

మర్నాడు ఒక పెద్ద ప్యాకెట్ తెచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. అంతా ఇంగ్లీషే.

"ఏం రాశారు?"

"గోధుమపిండి, పాలపొడి, విటమిన్లు అండి" అన్నాను గోడ వైపు చూస్తూ.

ఆవిడ ప్యాకెట్ నా వైపు తిప్పారు. నిలువెత్తున, ఎర్రటి తురాయితో బొమ్మ.

"మరి ఈ కోడెందుకు?"

"అందానికి వేసుంటారండి."

ఆవిడ ఆ కోడిని చాలాసేపు చూశారు. వరండాలో కుక్క వాసన పట్టేసి గుమ్మం దగ్గర నిలబడింది.

"అందంగానే ఉందిలెండి" అని, కత్తెర తెచ్చి ప్యాకెట్ కత్తిరించి, బిస్కెట్లన్నీ మూతున్న స్టీలు డబ్బాలో పోసుకుని, ఖాళీ ప్యాకెట్ మడిచి నా చేతిలో పెట్టి, "దీన్ని మన చెత్తబుట్టలో వెయ్యకండి, వెళ్ళేటప్పుడు సందు చివర వేసెయ్యండి" అన్నారు.